వంకాయ పువ్వు రంగు వెలుగు

నేను ఊరికే ఆశ్చర్యపోయే మనిషిని కాదు. గట్టు బస్టాండు పక్కన ఫోన్లు, కంప్యూటర్లు బాగుచేసే దుకాణం నడుపుతున్నదాన్ని. రోజూ ఎవరో ఒకరు వచ్చి "రేఖక్కా, నా ఫోన్ల ఏందో వింత జరుగుతున్నది" అంటారు. ఆ వింత చాలాసార్లు చార్జింగు రంధ్రంలో ఇరుక్కున్న పత్తి పోగు. సూదితో తీసి అవతల పారేస్తాను. "నీ ముందర దేవుడు ప్రత్యక్షమైనా బ్యాటరీ ఎంతుందని అడుగుతవు" అని మా ఆయన ఎగతాళి చేస్తుంటాడు. అలాంటి నేను జయరాజు కాక ఇంట్లో నోరు తెరుచుకొని నిలబడిపోయాను. ఆ సంగతి ఇంకా నా ఒంట్లోంచి దిగలేదు, అందుకే రాస్తున్నాను.

జయరాజు కాక నులక మంచాలు అల్లుతాడు. ఆయన అల్లిన మంచాల మీద పుట్టి పెరిగినవాళ్ళు ఇప్పుడు తమ పిల్లల్ని చంకనేసుకొని తిరుగుతున్నారు. ఆయనకు రెండు కళ్ళూ కనపడవు. వయసులో ఉన్నప్పుడు మా పాలమూరు మనుషులందరిలాగే మేస్త్రి వెంట గుంపులో కలిసి దూర రాష్ట్రాల కాలువ పనులకు పోయాడు. బండలు పేల్చే చోట పేలకుండా మిగిలిపోయిన మందు ఒకటి ఈయన గడ్డపార తగలగానే పేలింది. అప్పటికి కొడుకు సాంసన్ తల్లి కడుపులో ఉన్నాడు. కొడుకు మొహం, ఆ తర్వాత పుట్టిన బిడ్డ అఖిల మొహం ఆయనకు వేళ్ళతోనే తెలుసు.

ఊరికి తిరిగొచ్చి చాలా రోజులు గోడకు ఆనుకొని కూర్చున్నాడట. వాళ్ళ నాయన మంచాలు అల్లేవాడు. ఒకరోజు తండ్రి సగం అల్లిన మంచం మీద ఊరికే చెయ్యి వేసి, "నాయినా, ఈడ ఒక పేట తప్పినవ్" అన్నాడట. తండ్రి వంగి చూస్తే నిజంగానే నులక వరుసల్లో ఒక పేట తప్పింది. "ఆ దినం నా కండ్లు నా వేళ్ళలకు వచ్చి కూసున్నయి బిడ్డా" అని కాక చెప్తుంటాడు. ఆ తర్వాత తండ్రీ పోయాడు, భార్యా పోయింది. వేళ్ళు మాత్రం ఆయన్ని వదల్లేదు.

మంచాలే కాదు, ఆయన టీ కూడా మా ఊళ్ళో పేరున్నదే. ఎవరు గడప తొక్కినా లేచి వంటింట్లోకి పోతాడు. స్టవ్ పక్కన లైటరు, దాని పక్కన చక్కెర డబ్బా, ఆ పక్కన టీ పొడి. ఏదీ ఇటు నుంచి అటు జరగకూడదు. చక్కెర మాత్రం ఎప్పుడూ ఒక చెంచా ఎక్కువే పడుతుంది. "కాకా, ఇది టీనా, పాయసమా?" అంటే, "తియ్యగుంటేనే మల్లొస్తరు" అని నవ్వుతాడు.

సాంసన్ హైదరాబాదులో సెంట్రింగు పని చేస్తాడు. కోడలు నిరోష ఇక్కడే ఉండి విత్తనాల కోసం వేసే సీడు పత్తి చేలకు కూలికి పోతుంది. పూత కాలంలో పొద్దున పోతే చీకటి పడేముందు గానీ రాదు. పగలంతా కాక ఒక్కడే. ఒకసారి సాంసన్, ఏదో ఆఫీసు మూసేస్తూ పారేసిన పాత కంప్యూటరు ఒకటి బస్సు మీద వేసుకొచ్చి నా దుకాణంలో దించాడు.

"అక్కా, మా నాయినకు దీంట్ల పాటలు, కథలు, బైబిలు వాక్యాలు అన్ని ఎక్కియ్యి. టీవీకి కలుపు. చేతికి ఒక రిమోటు ఇయ్యి. ఎవ్వరినీ బతిమాలకుండ ఆయనే పెట్టుకొని ఇనాలె" అన్నాడు.

నాకు ఆ మాట నచ్చింది. మామూలు రిమోటు కంప్యూటరుకు వినపడదు. దానికి ఒక చెవి తగిలించాలి. రిసీవరు అంటారు. అగ్గిపెట్టెలో సగముంటుంది, వెనక యూఎస్‌బీ తీగ, ముందు చింతగింజంత నల్లటి కిటికీ. రిమోటు నుంచి వచ్చే వెలుగు ఆ కిటికీలోంచి లోపలికి పోతేనే కంప్యూటరు పలుకుతుంది. దాన్ని టీవీ బల్ల మీద, మంచానికి ఎదురుగా అతికించాను. సాంసన్ తన గొంతుతో రికార్డు చేసి ఇచ్చిన మాటలు కూడా ఎక్కించి, తెర మీద ఏముందో ఒక ఆడ గొంతు చదివి చెప్పేటట్టు చేశాను. కాక రిమోటును ఒక పూటంతా ఒళ్ళో పెట్టుకొని తడిమాడు. నడిమి మీట మీద ఒక జొన్నగింజ అంటించమన్నాడు. అంతే, మరునాటికి ఆయన వేళ్ళకు రిమోటు నోటికొచ్చిన పాటైపోయింది. మధ్యాహ్నం పూట పక్కింటి సత్తెమ్మ కూడా వచ్చి గడపలో కూర్చునేది. ఆమెకు బుర్రకథ, ఈయనకు చర్చి పాట. కాసేపు అదీ, కాసేపు ఇదీ. రిమోటు మాత్రం ఎప్పుడూ కాక చేతిలోనే.

ఈ దసరా వెళ్ళాక ఒక పొద్దున నిరోష చేనికి పోతూ పోతూ నా దుకాణం ముందు ఆగింది. చేతిలో సద్ది డబ్బా, మొహంలో నిద్ర లేదు.

"అక్కా, మా మామకు వేళ్ళ గుర్తు పోయింది" అంది.

"ఏందే నువ్వనేది?"

"రిమోటు ఒత్తుతడు, ఒత్తుతడు, అది పలుకది. నేను చేతులకు తీసుకొని ఒత్తితే పలుకుతది. పండుగైనప్పటి సంది ఇదే కత. ఒత్తంగ ఒత్తంగ ఆయనకే పరేషాన్ పుట్టి, మంచం అల్లేది గూడ ఇడిసిపెట్టిండు. గద్వాలకు తోల్కపోయి డాక్టరుకు చూపిచ్చిన. అంత మంచిగనే ఉన్నది, వయసు గద అన్నరు."

"ఒక్క రిమోటుకే గంత భయపడ్తరా?"

నిరోష కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మా అమ్మకు గిట్లనే మొదలైంది అక్కా. ముందుగాల తాళంచెవి యాడ పెట్టిందో మరిసింది. తర్వాత పొయ్యి మీద కుండ మరిసింది. ఆ కుండతోనే గుడిసె అంటుకున్నది. నేను చేన్ల పని చేస్తున్ననే గని, పానమంత ఇంటికాడనే ఉంటుంది. లైటరు దాచిపెట్టిన. ఐతారం సాంసన్ వస్తుండు. కొల్లాపూర్ల అఖిల ఇంటికాడ ఇడిసిపెడ్తమనుకుంటున్నం. ఆడనైతే దినమంత మనిషి ఉంటది."

"కాక ఏమన్నడు?"

"మీ ఇష్టం అన్నడు. మా మామ నోట ఆ మాట నేనెన్నడు ఇనలే అక్కా."

నిరోషను తప్పుపట్టడానికి లేదు. కొల్లాపూర్ మంచి ఊరే, అఖిల మంచి పిల్లే. అయితే ఇక్కడి ప్రతి గడపా, ప్రతి రాయీ కాక కాళ్ళకు తెలుసు. అక్కడ ఏమీ తెలియదు. ఇక్కడ ఆయన మంచాలు అల్లే మనిషి. అక్కడ ఒక మూల కూర్చోబెట్టిన ముసలాయన. అంతకన్నా ఘోరం ఏంటంటే, తన వేళ్ళు పోయాయని ఆయనే నమ్మేశాడు. ఒకసారి కళ్ళు పోగొట్టుకున్న మనిషి రెండోసారి పోగొట్టుకోవడమంటే ఎట్లా? దుకాణం షట్టరు దించేసి బయల్దేరాను.

పోయేసరికి కాక వాకిలి పక్కన తన మంచం మీద కూర్చున్నాడు. రిమోటు ఒళ్ళో లేదు, దిండు కింద ఉంది. సగం అల్లిన మంచం గోడకు ఆనించి ఉంది. నులక ఉండ దుమ్ము పట్టింది. దసరా బొట్లు ఇంటి నిండా ఎండిపోయి ఉన్నాయి. మంచం పట్టెకు, టీవీకి, కంప్యూటరుకు, స్విచ్చుల బోర్డుకు కూడా. క్రైస్తవుల ఇంట్లో బొట్లేంటని కొత్తవాళ్ళు అడుగుతారు. సత్తెమ్మ ఇంటికీ ఈ ఇంటికీ గోడ ఒకటే. ఆయుధ పూజ రోజు ఆమె తన ఇంట్లో కొడవలి నుంచి కొడుకు బండి దాకా బొట్లు పెట్టి, పళ్ళెంలో మిగిలిన పసుపు కుంకుమలతో గోడ ఇవతలికి వచ్చేస్తుంది. ఎన్నో ఏళ్ళ అలవాటు. క్రిస్మస్ నాడు ఇటు నుంచి అటు కేకు పోతుంది, దానికి ఇది చెల్లు.

"రేఖవా? రా బిడ్డా, కూసో" అన్నాడు కాక. టీ మాట ఎత్తలేదు. కాసేపటికి తానే, "లైటరు లేదు బిడ్డా. నిరోష దాచింది. దాని తప్పు లేదు" అన్నాడు.

"రిమోటు ఇటియ్యి కాకా, చూస్త."

"మిషను మంచిగనే ఉన్నది. నా వేళ్ళే నా మాట ఇంట లేవు."

రిమోటు తీసుకొని టీవీ దగ్గరికి పోయి నడిమి మీట ఒత్తాను. "పాటలు" అని పలికింది ఆడ గొంతు, శుభ్రంగా. వెనక్కి తిరిగి చూశాను. కాక తల దించుకున్నాడు.

"చూస్తివా. అందరికీ పలుకుతది" అన్నాడు.

నాకు కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. వచ్చి ఆయన పక్కనే మంచం మీద ధబ్బున కూర్చొని, ఆ కోపం అంతా జొన్నగింజ మీద చూపించాను. పలకలేదు. మళ్ళీ ఒత్తాను. టీవీ నన్ను లెక్కచేయలేదు. ఇదేంటి, నా వేళ్ళ గుర్తు కూడా పోయిందా?

"కాకా! నాకు గూడ పలుకుత లేదు!"

ఆయన నవ్వాడు, కానీ అది సంతోషం నవ్వు కాదు. "నా మనసు చల్లపడాలని అబద్ధం చెప్పకు బిడ్డా. సాంసన్ గూడ ఫోన్ల ఇట్లనే మంచి మాటలు చెప్తడు. నాకు కానరాదు గద, ఎవరేం చెప్పినా ఊ అనాలె."

నిజమే. నేను ఒత్తానో, ఒత్తినట్టు నటించానో ఆయనకెట్లా తెలుస్తుంది? దీన్ని బాగుచేస్తే చాలదు. తప్పు మిషనులో ఉందని ఆయనకు తెలిసేలా బాగుచేయాలి. అట్లా తెలియజేసే పనిముట్టు నా సంచిలో లేదు.

సరే, తెలిసిన పని మొదలుపెట్టాను. కొత్త బ్యాటరీలు వేశాను. రిసీవరు తీగ పీకి కంప్యూటరు వెనక ఇంకో రంధ్రంలో గుచ్చాను. రిసీవరులోని బుల్లి ఎర్ర దీపం వెలుగుతూనే ఉంది, అంటే కరెంటు అందుతున్నట్టే. ఎండ పడితే ఈ రిసీవర్లకు మతి చెడుతుంది, అందుకని తలుపు మూశాను. కొన్ని బల్బులకూ వీటికీ పడదు, అందుకని బల్బు ఆర్పాను. ప్రతిసారీ వచ్చి మంచం మీద కూర్చొని ఒత్తడం, ప్రతిసారీ అదే మౌనం. దగ్గరికి పోతే పలుకుతుంది, మంచం దాకా వస్తే పలకదు. నా నోటికి ఆ పూట అడ్డూ అదుపూ లేదు. కాక ఓపిగ్గా వింటూ కూర్చున్నాడు.

చివరికి దుకాణంలో ప్రతి రిమోటుకూ చేసే పరీక్ష చేశాను. రిమోటు పుట్టించే వెలుగు మనిషి కంటికి కనపడదు. ఫోను కెమెరాకు కనపడుతుంది. సెల్ఫీ తీసుకునే ముందు కెమెరా అయితే ఇంకా బాగా చూపిస్తుంది. ఫోను తెరిచి రిమోటు మూతికి ఎదురుగా పెట్టి, "ఒత్తు కాకా" అన్నాను.

ఒత్తాడు. చీకటి చేసిన ఆ గదిలో, నా ఫోను తెర మీద, ఆయన వేలి కొసన ఒక వెలుగు మొగ్గ విచ్చి, అదిరి, ఆరిపోయింది.

దుకాణంలో ఈ పరీక్ష నేను లెక్కలేనన్నిసార్లు చేసి ఉంటాను. వెలిగిందా, సరే, వెలగలేదా, పారెయ్యి. అంతే. ఆ రోజు మాత్రం నా చెయ్యి ఆగిపోయింది. "ఇంకోసారి ఒత్తు" అన్నాను. ఒత్తాడు. మళ్ళీ విచ్చుకుంది. ఆయన ఒత్తిన ప్రతిసారీ, ఇన్ని రోజులుగా ఆయన ఒత్తిన ప్రతిసారీ, ఈ గదిలో ఈ వెలుగు పుడుతూనే ఉంది. ఎవరూ చూడలేదు.

"ఏమైంది బిడ్డా, మాట్లాడ్త లేవు?"

"కాకా, నీ ఏలు కింద వెలుగు పుడుతున్నది."

"ఏం వెలుగు?"

చెప్పాను. రిమోటు ప్రతి మీటకూ ఒక వెలుగు విసురుతుందనీ, ఆ వెలుగే పోయి కంప్యూటరుకు సంగతి చెప్తుందనీ, అది మామూలు కంటికి ఆనదనీ. ఆయన మొహం నా గొంతు వైపు తిప్పి, ఒక్క మాట కూడా వదలకుండా విన్నాడు.

"నీకు గూడ కానరాదా?"

"రాదు. ఫోన్ల చూస్తెనే కానొస్తది."

"సాంసన్‌కు? నిరోషకు?"

"ఎవ్వరికి కానరాదు కాకా. రాజుకైనా కానరాదు."

"అంటే ఆ వెలుగు కాడ నువ్వు, నేను ఒక్కటే అన్నట్టు" అన్నాడు మెల్లగా. "నేనేమో చీకట్ల నేనొక్కన్నే ఉన్ననుకుంటి."

ఇన్నేళ్ళూ ఆ మనిషికి కళ్ళు లేవు, నాకున్నాయి అని నేను ఎంత ధీమాగా అనుకున్నానో! నా చుట్టూ నాకు ఆనని వెలుగులు ఎన్ని తిరుగుతున్నాయో నాకేం తెలుసు?

"పొయ్యి ముందర కూసుంటే మొఖానికి తగిలే ఏడి ఉంటది సూడు, అది గూడ ఈ వెలుగుకు సుట్టమే" అన్నాను.

"గదైతే నాకు ఎరుకనే" అన్నాడు వెంటనే. "పొయ్యి యాడున్నది, మంట ఎంతున్నది, నా చెంప చెప్తది. మరి దీని రంగెట్లున్నది?"

ఫోనులో మళ్ళీ చూశాను. ఏం రంగని చెప్పాలి? తెలుపు కాదు, ఊదా కాదు. తట్టింది. "వంకాయ పువ్వు రంగు కాకా."

ఆయన మొహం విప్పారింది. కళ్ళు పోకముందు చూసిన వంగతోట ఏదో ఆయన లోపల పూసినట్టుంది. ఇంకోసారి ఒత్తాడు. తెర వైపు కాదు, ఊరికే గాల్లోకి. ఇంకోసారి ఒత్తాడు.

"నువ్వు అబద్ధం చెప్త లేవు గద?"

"అబద్ధం చెప్పి మంది మనసు చల్లబరిచే గుణం నాకుంటే, నా దుకాణం ఇంకింత మంచిగ నడుస్తుండె కాకా."

ఈసారి నిజంగా నవ్వాడు. నవ్వి, లేచి నిలబడ్డాడు. "అయితే ఈడికెల్లి ఎల్లింది. ఆడికి ముట్టలే. నడుమ యాడనో తెగింది. సక్కగ పోతదా, ఒంకర పోతదా నీ వెలుగు?"

"సక్కగనే పోతది."

"నులక ఉండ తే."

తెచ్చి ఇచ్చాను. దుమ్ము దులిపి, కొసను నా చేతికిచ్చి, రిమోటు మూతి దగ్గర పట్టుకొని మంచం మీద కూర్చోమన్నాడు. ఉండ విప్పుకుంటూ తాను టీవీ బల్ల వైపు నడిచాడు. నులక బిగించి లాగి, ఉండను రిసీవరు పక్కనే బల్లకు మెలివేసి వెనక్కి వచ్చాడు. మంచం అల్లేటప్పుడు నులక మధ్యలో పలచబడితే ఆయన మొదటి నుంచీ వేళ్ళతో తడుముకుంటూ పోతాడు, ఎక్కడ పాడైందో వేలికి దొరుకుతుంది. అదే పని ఇప్పుడు వెలుగుకు చేస్తున్నాడు. ఎవరూ ఎన్నడూ చూడని వెలుగు దారి గది మధ్యలో నులకై నిలబడింది. ఒక చెయ్యి దాని మీద, రెండో చెయ్యి దాని చుట్టూ గాలిలో తడుముతూ, మంచం నుంచి బల్ల దాకా మెల్లగా నడిచాడు.

దారిలో ఏమీ లేదు. తీగ లేదు, ఆరేసిన గుడ్డ లేదు. నులక చివరికి పోయి ఆయన చూపుడువేలు రిసీవరు కిటికీ మీద ఆగింది. ఆగి, అక్కడే ఒకసారి గుండ్రంగా తిరిగింది.

"ఇదేంది బిడ్డా, గరుకుగున్నది? కొత్తల అద్దం లెక్క నున్నగుండె గద."

లేచి పోయి చూశాను. బొట్టు. చింతగింజంత నల్లటి కిటికీ మీద కిటికీ అంత బొట్టు. తడి పసుపు ముద్దగా పెట్టి, మీద కుంకుమ అద్ది, ఎండి గట్టిపడిన నిండు బొట్టు. పొద్దుటి నుంచి నేను ఆ రిసీవరును పట్టుకున్నాను, పీకాను, గుచ్చాను, తిప్పాను. ఎర్ర దీపం వెలుగుతోందని కూడా చూశాను. బొట్టును మాత్రం చూడలేదు. చూశాను, కానీ ఇంటి నిండా బొట్లే కదా, అదీ ఒకటి. దసరా పోయిన ఇంట్లో బొట్టు ఎవరి కంటికి ఆనుతుంది?

దగ్గరి నుంచి ఒత్తితే వెలుగు ఆ పసుపు కుంకుమలోంచి ఎట్లాగో లోపలికి దూరుతోంది. మంచం దాకా పోతే దానికి బలం చాలడం లేదు. ఇంతే సంగతి. గోరుతో గీకబోయాను. కాక నా మణికట్టు పట్టుకున్నాడు.

"గోకకు. సత్తెమ్మ పెట్టింది. సత్తెమ్మనే తీస్తది. పిలువు."

సత్తెమ్మ పుట్టిల్లు రాయచూరు వైపు. ఆత్రం పుడితే నోట్లోంచి కన్నడం దొర్లుతుంది. సంగతి వినగానే, "హౌదా? నిజమేనా అన్నా?" అంటూ రెండు చేతులూ నెత్తిన పెట్టుకుంది. "పండుగనాడు నిన్ను అడిగే గద పెడ్తి! పెట్టెకు బొట్టు పెడుతున్న అన్నా అంటే, పెట్టు చెల్లె అంటివి."

"నిజమే, పెట్టమన్న. పెద్ద పెట్టెకే పెట్టినవనుకున్న" అన్నాడు కాక.

"పెద్దదానికి పెట్టిన. కని నీ మాట ఇనేది ఈ చిన్నదే గద! నువ్వు ఒత్తితే ఇది ఎర్రగ మినుకుమంటది, గప్పుడే అది పాడుతది. నేను దినాం చూస్తలేనా? దీనికి నెత్తీ లేదు, నొసలూ లేదు, గీ నల్ల మచ్చనే ఉన్నది. గందుకే దానికే మంచిగ, నిండుగ పెట్టిన. అయ్యో, నా చేత్తోనే నీ ఇంటి పాట ఆపితినా అన్నా!" ఆమె ఏడుపు ఆగలేదు.

చూడండి ఆమె తెలివి! కంప్యూటరు, టీవీ, ఇంత పెద్ద డబ్బాలు ఉండగా, ఆయన మాట వినే చోటు ఆ చింతగింజే అని కనిపెట్టింది. కనిపెట్టింది కాబట్టే దాని నొసలు మూసింది. నేను నవ్వబోయి ఆగాను. అంత ప్రేమగా, అంత సరిగ్గా చేసిన పొరపాటు నేనింతవరకు చూడలేదు.

"ఏడ్వకు చెల్లె. కిటికీ మూస్తివి, గంతే. తెరువు" అన్నాడు కాక.

సత్తెమ్మ కొంగు తడిపి, పసిబిడ్డ కన్ను తుడిచినట్టు ఆ కిటికీ తుడిచింది. మూలల్లో మిగిలిన పసుపును నేను దూదితో తీశాను. నల్లగా మెరిసింది. ఆమె వెంటనే ఇంటికి పోయి పళ్ళెం తెచ్చి, రిసీవరు పైన, కిటికీకి దూరంగా, కొత్త బొట్టు పెట్టింది. పెట్టేముందు ఈసారి నన్ను అడిగింది.

కాక మంచం దగ్గరికి తిరిగి వచ్చి కూర్చున్నాడు. రిమోటు చేతిలోకి తీసుకున్నాడు. బొటనవేలు జొన్నగింజ మీదికి పోయింది, కానీ ఒత్తలేదు. నాకు అర్థమైంది. ఇప్పుడు పలకకపోతే ఇక ఏ సాకూ మిగలదు. సత్తెమ్మ గడపలోనే నిలబడి గుడ్లప్పగించి చూస్తోంది. చివరికి ఆయన ఒక్క గుక్క గాలి పీల్చుకొని ఒత్తాడు.

"పాటలు" అంది ఆడ గొంతు.

కిందికి ఒత్తాడు. "కథలు." ఇంకా కిందికి. "సాంసన్ మాటలు." పైకి. "కథలు." వేళ్ళు పరుగెత్తాయి. ఒక్క మీట కూడా తప్పలేదు. ఇన్ని రోజులూ తప్పలేదు. ఆయన పెదవులు బిగబట్టి ఏడుస్తున్నాడు, వేళ్ళు మాత్రం ఆపడం లేదు. సత్తెమ్మకు బుర్రకథ పెట్టాడు. పెట్టి రిమోటు పక్కన పెట్టి, గోడకు ఆనించిన మంచాన్ని దగ్గరికి లాక్కున్నాడు.

నిరోష చేనిలోంచి వచ్చేసరికి నేను ఇంకా అక్కడే ఉన్నాను. పోబుద్ధి కాలేదు. సంగతంతా చెప్పాను. నమ్మలేదు. మామ చేతిలోంచి రిమోటు తీసుకొని, అలవాటు ప్రకారం టీవీ దగ్గరికి రెండు అడుగులు వేసి, ఆగింది. వెనక్కి వచ్చి, ఆయన మంచం మీద ఆయన కూర్చునే చోట కూర్చొని ఒత్తింది. పలికింది. రిమోటు ఒళ్ళో పెట్టుకుంది.

"మామా, ఇన్ని దినాలల్ల ఒక్కసారన్న ఈడ కూసోని ఒత్తి చూడలే నేను" అంది.

కాక అల్లుతున్న నులక మీద నుంచి చెయ్యి తీసి ఆమె తల మీద పెట్టాడు.

ఆదివారం దాటాక ఒక పూట అటువైపు పోయాను. సాంసన్ వచ్చి పోయాడట, ఒక్కడే పోయాడట. కొల్లాపూర్ ప్రయాణం మాట ఎవరూ ఎత్తలేదు, నేనూ అడగలేదు. మంచం పూర్తయి వాకిట్లో ఆరుతోంది. నా అడుగు వినగానే కాక లేచి వంటింట్లోకి పోయాడు. గడప దగ్గర నిలబడి చూశాను. ఆయన చెయ్యి స్టవ్ పక్కకు పోయింది. లైటరు దాని చోట ఉంది. టక్కుమంది, మంట లేచింది. ఆయన చెంప కొంచెం మంట వైపు తిరిగింది.

గ్లాసు తెచ్చి నా చేతిలో పెట్టాడు. చక్కెర ఒక చెంచా ఎక్కువైంది. నేను తాగి, ఇంకో గ్లాసు అడిగాను.